కొండంత కన్ను

మార్చి 3, సోమవారం

స్పీచ్ థెరపీ మేడమ్ ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. నాన్న ఏ రోజు ఏ మాట అన్నాడో, మాట కాకపోతే కనీసం ఏ శబ్దం చేశాడో అందులో రాయాలట. ఐదు రోజులైంది. రాయడానికి ఏమీ లేదు. తెల్ల కాగితాలు చూస్తే చిరాకేసి నా సంగతులు రాస్తున్నాను. మేడమ్ అడిగితే వేరే కాగితం మీద రాసిస్తాను.

నాన్నకి స్ట్రోక్ వచ్చి ఐదు నెలలు. కుడి కాలు కొంచెం తిరిగొచ్చింది. నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని గదిలో నడుస్తాడు. కుడి చెయ్యి రాలేదు. మాట అసలే రాలేదు. చెప్పినవన్నీ అర్థమవుతాయి. నోరు తెరుస్తాడు, ఏమీ రాదు, మళ్ళీ మూస్తాడు.

నలభై ఏళ్ళు కళ్ళద్దాల షాపు నడిపిన మనిషి. చెయ్యి అద్దాలు అరగదీస్తుంటే నోరు కబుర్లు అరగదీసేది. ఇప్పుడు షాపు నేను చూస్తున్నాను. వచ్చినవాళ్ళు పెద్దాయన ఎలా ఉన్నారని అడుగుతారు. బాగానే ఉన్నారంటాను.

మొదటి ఏడాదిలో వచ్చిన మాటే మాట, తర్వాత కష్టం అన్నారు మేడమ్. ఏడు నెలలుంది.

మార్చి 9, ఆదివారం

క్యాసెట్ వచ్చాడు. మా షాపు పక్కన సినిమాలు అద్దెకిచ్చే షాపు ఆయనది. టేపుల కాలం నుంచి ఉన్నాడు కనక అందరికీ క్యాసెట్. డిస్కులొచ్చినా పేరు మారలేదు. పోయిన నెల షాపు మూసేశాడు.

ఒక ప్లేయరు, ఐదు డిస్కులు తెచ్చాడు. అన్నయ్యా, జబ్బు మనిషికి ఫోన్ తెర ఏం ఆనుతుంది, టీవీలో చూడు అన్నాడు. నాలుగు కామెడీలు. అయిదోదాని అట్ట మీద ఊదారంగు కొండలు. అది కథ కోసం కాదట, కళ్ళకి పండగట. షాపు మొత్తంలో దాన్ని ఇద్దరే తీసుకెళ్ళారని, ఇద్దరూ మర్నాడే తెచ్చి మొహాన కొట్టారని తనే చెప్పాడు.

వెళ్ళేటప్పుడు నాన్న ఎడమ చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చాక నాతో, మీ నాన్న నోరు మూసుకుంటే చూడాలని ఎన్నోసార్లు అనుకున్నాను, నా నోట్లో మన్ను పడ అన్నాడు.

మార్చి 15, శనివారం

కామెడీలు నాన్నకి నచ్చలేదు. నవ్వే చోట మేమే నవ్వి ఆగిపోయాం.

ఇవాళ మధ్యాహ్నం షాపు కట్టేసి భోజనానికొచ్చి ఆ కొండల సినిమా పెట్టాను. మాటలు తక్కువ. ఏ భాషో తెలియదు. రంగులు మాత్రం ఎక్కడా చూడలేదు. ఆకుల బదులు మంట కాసే చెట్లు. చేపలు ఎగురుతుంటే వాటి నీడలు నీళ్ళలో ఈదుతుంటాయి. నాన్న ముందుకి వంగి కూర్చున్నాడు.

ముప్పావుగంట అయ్యాక కొండలు కదిలాయి. అవి కొండలు కావు, పడుకున్న రాకాసి. వాడు కన్ను తెరిచాడు. టీవీ నిండా కన్ను. ఆకుపచ్చ, బంగారు చారలు, మధ్యలో బావిలాంటి నల్లటి పాప. ఆ కన్ను మీద, చెరువు మీద నడిచినట్టు, దీపం పట్టుకుని ఒకామె నడుచుకుంటూ వచ్చింది. ఒంటి మీద నూలుపోగు లేదు.

మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలెట్టింది. తోమినవే. అమ్మ, ఒరే, కట్టెయ్యరా, ఈ వయసులో మీ నాన్నకి చూపించాల్సిన బొమ్మేనా ఇది అంది. రిమోట్ దొరకలేదు. నాన్న ఒళ్ళో ఉంది. ఇవ్వలేదు.

అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంది, పెద్దలకు మాత్రమే అని. ఇంట్లో ఉన్నవాళ్ళం అందరం పెద్దలమే. అయినా ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

మార్చి 16, ఆదివారం

నాన్న మాట్లాడాడు.

మళ్ళీ ఆ సినిమానే కావాలని చూపించాడు. పెట్టాను. కన్ను తెరుచుకునే వేళకి అమ్మ లేచి టీవీకి అడ్డంగా నిలబడింది, చీర కొంగు రెండు పక్కలా పట్టుకుని, ఆ బొమ్మ కనిపించకుండా. నాన్న తల ఇటు వంచాడు, అటు వంచాడు. తర్వాత గట్టిగా, అడ్డు అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అమ్మ కదల్లేదు. నాన్న మళ్ళీ, అడ్డు లే అన్నాడు. రెండు మాటలు. అమ్మ పక్కకి జరిగి గోడకి చేరబడి ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఐదు నెలలు కళ్ళలో వత్తులేసుకుని ఎదురుచూస్తే నాకు దక్కింది ఇదా, నలభై ఏళ్ళ కాపురానికి అడ్డు లెమ్మన్నాడు మీ నాన్న అని అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

నోట్‌బుక్‌లో రాశాను. అడ్డు. అడ్డు లే.

మార్చి 20, గురువారం

కన్ను రాగానే నాన్న, పైకి చూడు అన్నాడు. రాకాసితో.

అది షాపు మాట. కంటి పరీక్షకి కుర్చీలో కూర్చోబెట్టిన ప్రతివాడితో మొదట అనేది అదే. రాకాసి నిజంగానే పైకి చూశాడు. నాన్న తల ఊపాడు.

మార్చి 28, శుక్రవారం

మేడమ్ వచ్చి కూర్చుని సినిమా చూశారు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. బట్టల్లేని ఆమె వచ్చినప్పుడు మేడమ్‌కి మంచినీళ్ళ గ్లాసు అడ్డంగా పట్టుకుని, తాగండి తాగండి అంది. మేడమ్ గ్లాసు పక్కన పెట్టి నాన్న నోటివైపే చూశారు.

ఇవాళ్టి మాటలు: పైకి చూడు. కిందికి. రెప్ప వెయ్యకు. మొదటిది బాగుందా, రెండోదా?

కన్ను మూసుకున్నాక ఒక్క మాట లేదు. ఆ నాలుగు నిమిషాలే.

ఇది ఒక తలుపు తీసినట్టని, ఇక్కణ్ణించే మిగతా మాటలు బయటికి తేవాలని మేడమ్ అన్నారు. రోజూ అదే వేళకి, అదే సినిమా, అదే కుర్చీ. ఏదీ మార్చొద్దన్నారు. ఆమె గొంతులో మొదటిసారి హుషారు విన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

పైకి చూడు. ఇటు చూడు. భయం లేదు.

భయం లేదు అన్నది కొత్త మాట. పిల్లలు పరీక్షకొస్తే అనేవాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

మా ఆవిడ ఇప్పుడు వంటింట్లోకి పోవడం లేదు. అత్తయ్యా, ఆ రంగు చీర ఉంటే ఎంత బాగుంటుందో చూడండి అంటూ కూర్చుంటోంది. అమ్మ మాత్రం ఆ నాలుగు నిమిషాలూ టీవీకి వీపు పెట్టి నాన్న ఎదురుగా కూర్చుంటుంది, పొట్టి స్టూలు మీద. ఆ సినిమాలో అమ్మ చూసేది నాన్న మొహమే.

ఇవాళ నాన్న రాకాసిని అడిగాడు, షాపులో కంటి ముందు అద్దాలు మార్చి అడిగినట్టే, మొదటిది బాగుందా, రెండోదా అని. తర్వాత చూపు దించి అమ్మని అడిగాడు. మొదటిదా, రెండోదా?

రెండూ బాగున్నాయండీ అంది అమ్మ.

అట్లా చెప్పకూడదు అన్నాడు నాన్న. స్పష్టంగా. ఒకటి చెప్పాలి అన్నాడు.

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ఏప్రిల్ 11, శుక్రవారం

నేను షాపులో ఉన్నాను. వారం నుంచి నాన్న ఎడమ చేత్తో తనే డిస్కు పెట్టుకుంటున్నాడు. అదీ మంచిదే అన్నారు మేడమ్. ఇవాళ చెయ్యి జారింది. వంగి తీయబోతే కర్ర దాని మీద పడింది. కర్ర మీద మనిషి బరువు.

నెలవంక అంత గీత. కన్ను తెరుచుకుంటుండగా బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగింది, మళ్ళీ కదిలింది. రెండు చోట్ల అట్లా. నాన్న ఆగిన చోట ఆగి, కదిలిన చోట మాట్లాడాడట. ఐదు మాటలొచ్చాయి. అమ్మ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది.

ఏప్రిల్ 12, శనివారం

క్యాసెట్‌ని పిలిచాను. డిస్కు వెలుగుకి పెట్టి చూసి, అద్దెకిచ్చిన వాటిలో సగం దీనికన్నా ఘోరంగా ఉండేవి, నడుస్తున్నదాన్ని కెలక్కు అన్నాడు. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలట. గుండ్రంగా రుద్దకూడదట. అంతకుమించి ఏం చేసినా మన చేతిలో ఉండదన్నాడు.

తుడిచాను. ఆగిన రెండు చోట్లా మళ్ళీ ఆగింది. ఆగినప్పుడల్లా నాన్న నుదురు ముడిపడుతోంది.

ఏప్రిల్ 13, ఆదివారం

నేనే చేశాను. ఎవరూ చెయ్యమనలేదు.

ఇరవై రెండేళ్ళుగా ప్లాస్టిక్ అద్దాల మీద గీతలు పోగొడుతున్నాను. డిస్కూ ప్లాస్టిక్కే. పొద్దున షాపు తీసి, తలుపు దగ్గరకి వేసి కూర్చున్నాను. మెరుగు పెట్టే బొచ్చు చక్రానికి తెల్ల పౌడరు ముద్ద రాసి, నీళ్ళు చల్లుతూ నెమ్మదిగా ఆనించాను. పావుగంటలో గీత పోయింది. వెలుగుకి పెడితే నా మొహం కనిపించింది. అంత నునుపు. ఈల కూడా వేశాననుకుంటాను.

ఇంటికి తెచ్చి పెట్టాను. ప్లేయరు దాన్ని లోపలికి తీసుకుంది. గరగరమంది. బయటికి తోసింది. మళ్ళీ పెట్టాను. నో డిస్క్ అని చూపించింది. పదిహేను సార్లు పెట్టాను. నో డిస్క్. డిస్కు పెట్టి నో డిస్క్ అంటే ఎవడికి చెప్పుకోవాలి.

తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి పక్క నుంచి చూశాను. ఒక పక్క పల్చబడి అంచు వాలి ఉంది.

అద్దం చక్రానికి ఆనించినప్పుడు చెయ్యి నిలకడగా ఉంచకూడదు. ఉయ్యాల ఊపినట్టు సన్నగా ఊపుతూ ఉండాలి. లేకపోతే అద్దం వంపు పోయి పవరు పాడవుతుంది. పదిహేనేళ్ళప్పుడు నాన్న నా మణికట్టు పట్టుకుని ఏడాది నేర్పాడు. బల్లపరుపుగా రుద్దితే నెత్తిన మొట్టేవాడు. డిస్కు బల్లపరుపుగా ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు. నా చేతికి తెలియదు.

రెండు గంటలకి నాన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కరెంటు లేదన్నాను. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. నాన్న ఫ్యాను వంక చూసి, నా వంక చూశాడు.

ఏప్రిల్ 14, సోమవారం

మాటలు లేవు.

ఏప్రిల్ 15, మంగళవారం

లేవు.

ఏప్రిల్ 21, సోమవారం

ఇంటర్నెట్‌లో వెతికాను. రెండు నిమిషాల ప్రకటన ఉంది. అందులో కొండలున్నాయి, చేపలున్నాయి, కన్ను లేదు. డిస్కు తయారుచేసిన కంపెనీ మూసేసి ఆరేళ్ళయిందట. ఇచ్చిన నంబరు మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

క్యాసెట్ తన పాత సరుకు కొన్నవాళ్ళందరి దగ్గరికీ తిరుగుతున్నాడు. నా మీద కోపంగా ఉన్నాడు. నీకు నేను చెప్పలేదా, కెలక్కు అని, అన్నయ్య నోట్లో మాట నువ్వు చక్రం మీద పెట్టి అరగదీశావు కదరా అన్నాడు. షాపులో ఇద్దరు మనుషులున్నారు. తల వంచుకుని ఫ్రేముకి స్క్రూ బిగించాను.



మే 1, గురువారం

దొరికింది. వేరే ఊళ్ళో, క్యాసెట్‌కి తెలిసిన ఇంకో షాపు మనిషి దగ్గర. కట్టు కూడా విప్పనిదట. పోస్టులో పంపాడు. క్యాసెట్ ఫోన్‌లో సంబరంగా కేకలు పెట్టాడు. మా ఆవిడ నాన్న కుర్చీ మీద కొత్త గుడ్డ పరిచింది.

మే 4, ఆదివారం

అదే అట్ట. అవే ఊదా కొండలు. నేనే కట్టు విప్పాను. అంచు మాత్రమే పట్టుకుని పెట్టాను. నడిచింది. మంట చెట్లు, ఎగిరే చేపలు, అన్నీ ఉన్నాయి. నాన్న ముందుకి వంగాడు. అమ్మ స్టూలు జరుపుకుని వీపు తిప్పి కూర్చుంది. కొండలు కదిలాయి. రాకాసి రెప్ప అదిరింది.

సినిమాలో తెల్లారింది. వేరే చోటు. గుర్రాల మీద మనుషులు పోతున్నారు.

వెనక్కి తిప్పాను. రెప్ప అదిరింది, గుర్రాలు. మళ్ళీ తిప్పాను. గుర్రాలు.

అట్ట వెనక చూశాను. పెద్దలకు మాత్రమే అన్న చోట ఇంటిల్లిపాదీ చూడదగినది అని ఉంది. బట్టల్లేని ఆమెని తీసేశారు. ఆమె నడిచేది కన్ను మీద కాబట్టి కన్నూ పోయింది.

అమ్మకి ఇంకా తెలియదు. నాన్న మొహం చూస్తూ ఎదురుచూస్తోంది.

మే 5, సోమవారం

ఇవాళా పెట్టమన్నాడు. రెప్ప అదిరే చోటు వచ్చింది, పోయింది. నాన్న ఎడమ చెయ్యి ఎత్తి అమ్మని పక్కకి జరగమని ఊపాడు. అమ్మే ఎక్కడో అడ్డం పడుతోందని అనుకున్నట్టుంది. అమ్మ స్టూలు తీసుకుని గోడ దగ్గరికి జరిగింది. నేను వెనక్కి తిప్పి పెట్టాను. గుర్రాలు. నాన్న మళ్ళీ చెయ్యి ఊపాడు. అమ్మ గుమ్మంలోకి వెళ్ళింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఊపాడు. అమ్మ వీధిలోకి వెళ్ళి నిలబడింది, ఎండలో, చెప్పుల్లేకుండా. అక్కణ్ణించి, ఇప్పుడు కనిపిస్తోందా అండీ అని అడిగింది.

మా ఆవిడ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది.

మే 11, ఆదివారం

షాపు నుంచి కంటి బొమ్మ చార్టు తెచ్చి టీవీ పక్కన తగిలించాను. నాన్న ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. భూతద్దం నా కంటికి పెట్టుకుని ఆయన మొహం ముందు కూర్చున్నాను. పైకి చూడమను నాన్నా అన్నాను. కిందికి చూడమను. ఏదో ఒకటి అను. పావుగంట కూర్చున్నాను. కన్ను మంటపుట్టి నీళ్ళు కారాయి. నాన్న ఎడమ చేత్తో తువ్వాలు తీసి నాకిచ్చాడు.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏవండీ, చాలు రండి అంది.

మే 19, సోమవారం

మేడమ్‌కి అంతా చెప్పాను. చక్రం సంగతి కూడా. ఆమె తిట్టలేదు. ఇలాంటి మాటలు ఒక్కోసారి ఒక్క దాన్ని పట్టుకుని వస్తాయట, అది పోతే ఎందుకు పోతాయో ఎవరూ చెప్పలేరట. డిస్కు బాగున్నా ఆగిపోయేవేమో అన్నారు. నా కోసం అన్నారో, నిజమో తెలియలేదు.

ఇకనుంచి వారానికోసారి కాదు, నెలకోసారి వస్తానన్నారు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, కొత్త సినిమాలేవైనా చూపించండి అన్నారు.

మే 22, గురువారం

కొత్తవి మూడు చూపించాను. రాకాసులున్నవే. మూడింటికీ నిద్రపోయాడు.

మే 27, మంగళవారం

నాన్న ఆ కత్తిరించిన సినిమానే కావాలంటున్నాడు. రోజూ పెడుతున్నాం.

ఇవాళ ఒకటి చూశాను. రెప్ప అదిరే చోటు రాగానే నాన్న కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదు. వీపు నిటారుగా ఉంది. గుర్రాలు పోయాయి, కోట వచ్చింది, యుద్ధం మొదలైంది. అప్పుడు కళ్ళు తెరిచాడు. యుద్ధం చూసి తికమకపడ్డాడు. వెనక్కి తిప్పమని చెయ్యి ఊపాడు.

అమ్మ చెప్పింది, మూడు రోజుల నుంచి ఇంతేనని.

మే 28, బుధవారం

నాన్న ఎంతసేపు కళ్ళు మూసుకుంటున్నాడో గడియారం పెట్టి చూశాను. నాలుగు నిమిషాలు.

అమ్మ నా దగ్గర రిమోట్ నేర్చుకుంది. పాజ్ ఎక్కడ, ప్లే ఎక్కడ అని రెండు బొట్టుబిళ్ళలు అంటించుకుంది, ఎరుపు ఒకటి, పచ్చ ఒకటి. నాన్న కళ్ళు మూసుకోగానే ఎరుపు నొక్కుతుంది. తెరవగానే పచ్చ. ఇప్పుడు కళ్ళు తెరవగానే యుద్ధం ఎదురు రావడం లేదు.

జూన్ 2, సోమవారం

పెదవులు కదులుతున్నాయా లేదా చూడరా అని అడిగింది అమ్మ. దగ్గరగా కూర్చుని చూశాను. ఊపిరికి కదిలాయో, మాటకి కదిలాయో తెలియలేదు. ఇరవై రెండేళ్ళు అద్దాల్లోంచి చూసిన కళ్ళు ఇవి. తెలియలేదనే చెప్పాను.

పెదవులు కదిలాయని చెప్పి ఉండాల్సిందని మా ఆవిడ అంది.

జూన్ 5, గురువారం

ఏడు నిమిషాలు.

జూన్ 7, శనివారం

పదకొండు. లేపనా అని అడిగాను. అమ్మ నోటి మీద వేలు పెట్టుకుంది.

జూన్ 9, సోమవారం

షాపు మళ్ళీ తీసే వేళ దాటిపోయింది. వెళ్ళలేదు. టీవీలో రాకాసి రెప్ప అదరబోతూ ఆగి ఉంది. నాన్న వీపు నిటారుగా పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అమ్మ వేలు పచ్చ బొట్టు మీద పెట్టుకుని కూర్చుంది.

నలభై నిమిషాలు.